పవర్ స్టీరింగ్ విప్పేసిన మస్టాంగ్



డ్రాగ్ రేసు మలుపుల్లేని పందెం. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. మధ్యలో ఉన్న స్తంభం మీద పసుపు దీపాలు వెలిగి, ఆ వెంటనే పచ్చదీపం వస్తుంది. అక్కణ్ణుంచి పావు మైలు, అంటే 402 మీటర్ల దూరం. ఎవరు ముందు చేరితే వాళ్లు గెలిచినట్టు. దారంతా తిన్నగా ఉన్నప్పుడు స్టీరింగ్ గురించి మాట్లాడుకోవడానికేముంది అనిపిస్తుంది. కానీ పది సెకన్లలో గంటకు 200 కిలోమీటర్లు దాటిపోయే కారును తిన్నగా ఉంచడమే అక్కడ అసలైన పని. వెనక టైర్లలో ఒకటి కాస్త పట్టు తప్పినా బండి పక్కకు లాగుతుంది. దాన్ని దారిలో పెట్టడానికి డ్రైవరు చేతిలో ఉండేది స్టీరింగ్ చక్రం ఒక్కటే.

అలాంటి కార్లు తయారు చేసుకునే చాలామంది కంపెనీ ఇచ్చిన పవర్ స్టీరింగ్‌ను విప్పేసి మాన్యువల్ స్టీరింగ్ బిగించుకుంటారు. సుఖం కోసం పెట్టిన ఏర్పాటును కావాలని ఎందుకు తీసేస్తారు, తీసేస్తే ఆ భారం ఎవరి మీద పడుతుంది అన్నది ఈ రోజు మన ప్రసంగ విషయం.

పవర్ స్టీరింగ్ అమెరికాలో పుట్టింది. పియర్స్ యారో కంపెనీలో ట్రక్కుల ఇంజనీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ 1920లలోనే నూనె ఒత్తిడితో పనిచేసే స్టీరింగ్‌ను నడిపి చూపించాడు. మామూలు జనం కొనుక్కునే కారులోకి అది రావడానికి 1951 దాకా పట్టింది. ఆ ఏడాది క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో దాన్ని పెట్టింది. అదే 1951లో కాలిఫోర్నియాలో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. ఇళ్ల ముందు వీధుల్లో పందేలు వేసుకుంటున్న కుర్రాళ్లకు ఒక ట్రాక్, కొన్ని నియమాలు, రక్షణ ఏర్పాట్లు కల్పించిన సంస్థ అది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్లలో న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఇంగ్లిష్‌టౌన్ ట్రాక్ పేరు తెలిసే ఉంటుంది. దశాబ్దాల పాటు పేరు మోసిన ఆ ట్రాక్ మీద 2018లో డ్రాగ్ రేసులు ఆపేశారు.

ఇక పవర్ స్టీరింగ్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఇంజను బెల్టుతో తిరిగే పంపు ఒకటి నూనెను, ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ రాక్‌లోకి తోస్తూ ఉంటుంది. డ్రైవరు చక్రం తిప్పినప్పుడు ఆ బలం ముందుగా టార్షన్ బార్ అనే సన్నని ఉక్కు కడ్డీ మీద పడుతుంది. కడ్డీ కాస్త మెలిపడగానే వాల్వు తెరుచుకుని, తిప్పిన వైపుకు నూనె పోయి, రాక్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. పార్కింగులో చక్రం గట్టిగా తిప్పినప్పుడు నూనె ఒత్తిడి చదరపు అంగుళానికి వెయ్యి పౌన్లు దాటుతుంది. అందుకే ఒక్క వేలితోనూ కారు తిరుగుతుంది.

డ్రాగ్ ట్రాక్ మీద ఆ వేలి సుఖంతో పనిలేదు. తిన్నగా పోతున్నప్పుడు కూడా పంపు తిరుగుతూనే ఉంటుంది, ఇంజను నుంచి కొంత శక్తిని తింటూనే ఉంటుంది. ఇంజను నిమిషానికి 7,000 చుట్లకు చేరితే ఆ పంపులో నూనె నురగలు కక్కవచ్చు, ఒక్కోసారి బెల్టే ఎగిరిపోతుంది. పంపు, బ్రాకెట్టు, పుల్లీ, గొట్టాలు, నూనె అన్నీ కలిపితే ముప్పై పౌన్ల వరకు, అంటే 13, 14 కిలోలు ఉండవచ్చు. వంద పౌన్లు తగ్గితే పావు మైలులో సెకనులో పదో వంతు కలిసొస్తుందని రేసర్ల మోటు లెక్క. ముప్పై పౌన్లకు వచ్చేది ఏ మూడు వందో వంతులో. తక్కువే అనిపించినా, సెకనులో వెయ్యో వంతు వరకు కొలిచే పందెంలో అది చిన్న విషయం కాదు. పైగా ఆ బరువు పోయేది కారు ముక్కు మీద నుంచి. ముక్కు తేలికైతే బయల్దేరే క్షణంలో బరువు వెనక టైర్ల మీదికి తేలిగ్గా వెళ్తుంది. డ్రాగ్ కారుకు కావలసిందే అది.

నా ఉద్దేశంలో వీటన్నిటికన్నా పెద్ద కారణం మరొకటుంది. గొట్టం పగిలితే నూనె ఎర్రగా కాలుతున్న ఎగ్జాస్టు పైపుల మీద పడవచ్చు, లేదా సొంత టైరు కిందికే పోవచ్చు. మొదటిదైతే మంటలు, రెండోదైతే గోడ. నూనే లేని స్టీరింగ్‌కు ఆ రెండు ప్రమాదాలూ ఉండవు.

ఫోర్డ్ మస్టాంగ్‌నే తీసుకుందాం. 1979 నుంచి 1993 దాకా వచ్చిన ఆ తరాన్ని ఫాక్స్ బాడీ అంటారు. తేలికైన ఒళ్లు, అయిదు లీటర్ల వీ8 ఇంజను, ఎక్కడైనా దొరికే సామాను ఉండడంతో అమెరికా డ్రాగ్ ట్రాకుల మీద దీనికి తిరుగులేని స్థానం ఉంది. ఈ కారులో పవర్ స్టీరింగ్ పంపు, ఏసీ కంప్రెసర్ ఇంజనుకు డ్రైవరు వైపు ఒకే బ్రాకెట్టు మీద ఉంటాయి. రేసు కారుకు ఏసీ ఎలాగూ అక్కర్లేదు కనుక రెండింటినీ ఒకేసారి దించేసి, పొట్టి బెల్టు వేసుకుంటారు. ఇంతవరకూ సులువు.

ఇక్కడ చాలామందికి ఒక అడ్డదారి కనిపిస్తుంది. పంపు తీసేసి, పాత పవర్ రాక్‌నే ఉంచి, దాని గొట్టాలను ఒకదానికొకటి కలిపేస్తే సరిపోతుంది కదా అని. సరిపోదు. చక్రం తిప్పిన ప్రతిసారీ లోపలి పిస్టన్‌ను మన చేతులతోనే తొయ్యాలి కనుక, అది అసలు మాన్యువల్ స్టీరింగ్ కన్నా బరువుగా ఉంటుంది. ఇంకా పెద్ద లోపం టార్షన్ బార్. చక్రం తిప్పగానే ముందు ఆ కడ్డీ మెలిపడుతుంది, ఆ తర్వాతే రాక్ కదులుతుంది. ఆ మధ్యలో చేతికి స్ప్రింగులాంటి వదులు, అంటే ప్లే, తగులుతుంది. నెమ్మదిగా పోయే బండిలో దాన్ని ఓర్చుకోవచ్చు. గంటకు 200 కిలోమీటర్ల దగ్గర బండి పక్కకు జరుగుతున్నప్పుడు ఆ ఖాళీ భయపెడుతుంది. ఆ ప్లే పోవాలని వాల్వునే వెల్డింగ్ చేసేవాళ్లు ఉన్నారు. ప్రాణం ఆధారపడిన ఉక్కు ముక్కను వేడి చేసి దాని గుణం మార్చడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. మాన్యువల్‌గా పనిచెయ్యడానికే తయారైన రాక్‌ను కొనుక్కోవడం మంచి పద్ధతి.

కొనేటప్పుడు తేల్చుకోవలసింది నిష్పత్తి. ఈ మస్టాంగ్‌కు 15:1, 20:1 రకాల మాన్యువల్ రాక్‌లు దొరుకుతాయి. మొదటి దాంట్లో చేతి చక్రం 15 డిగ్రీలు తిరిగితే రోడ్డు మీది చక్రం ఒక డిగ్రీ తిరుగుతుంది. రెండో దాంట్లో 20 డిగ్రీలు తిప్పాలి. ఎక్కువ తిప్పాల్సింది తేలిగ్గా ఉంటుంది, తక్కువ తిప్పాల్సింది బరువుగా ఉన్నా వెంటనే మాట వింటుంది. ట్రాక్‌కే పరిమితమైన కారుకు నేనైతే 15:1నే చెబుతాను. డ్రాగ్ కారు ముందు టైర్లు సాధారణంగా నాలుగున్నర అంగుళాల వెడల్పుతో సన్నగా ఉంటాయి, వాటి మీద బరువూ తక్కువే. కాబట్టి బండి కదలడం మొదలయ్యాక స్టీరింగ్ బరువు పెద్దగా తెలియదు. నిలబడిన బండి చక్రాన్ని తిప్పబోతే మాత్రం భుజాలు నొప్పెడతాయి. అంబాసిడర్, మారుతి 800 నడిపిన మన పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు. బండి కాస్త కదిలాకే స్టీరింగ్ తిప్పాలని వాళ్లకు చేతులే నేర్పాయి.

రాక్ మారితే, దాన్ని స్టీరింగ్ చక్రంతో కలిపే షాఫ్టు కూడా మారుతుంది. పవర్ రాక్ మీద షాఫ్టు కూర్చునే పళ్ల కొలత ఒకటి, మాన్యువల్ రాక్ మీద మరొకటి. పాత రబ్బరు కప్లింగ్ బదులు ఉక్కు క్రాస్ జాయింట్లు వేస్తారు. ఒక జాయింటు మరీ ఎక్కువ కోణంలో పనిచేస్తే స్టీరింగ్ ఒక చోట తేలిగ్గా, ఒక చోట పట్టేసినట్టుగా తిరుగుతుంది. అందుకని రెండు జాయింట్లను ఒకే వరసలో అమర్చుకోవాలి. మూడు జాయింట్లు వాడాల్సి వస్తే మధ్యలో షాఫ్టును పట్టి ఉంచే బేరింగు తప్పనిసరి. బిగించాక ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి, ముందు భాగాన్ని పైకి లేపి, కిందికి దించి, ఎక్కడా ఎగ్జాస్టు పైపులకు తగలడం లేదని చూసుకోవాలి. ఢీకొన్నప్పుడు ముడుచుకుపోయే గుణమున్న స్టీరింగ్ కాలమ్‌ను తీసేసి గట్టి గొట్టం పెడితే మాత్రం తెలిసి చేసిన నేరం.

ఇక ఈ పనిలో కళ్లకు కనిపించని భాగం కోణాలు. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండడం మీరు గమనించే ఉంటారు. చేతులు వదిలినా చక్రం తిన్నగా పోవడానికి ఆ వాలు తోడ్పడుతుంది. కారులోనూ అదే వాలు ఉంటుంది, దాన్ని కాస్టర్ అంటారు. కాస్టర్ పెరిగితే బండి తిన్నగా పోతుంది, కానీ స్టీరింగ్ బరువెక్కుతుంది. పవర్ స్టీరింగ్ ఉన్నప్పుడు ఆ బరువును పంపు మోస్తుంది. పంపు లేనప్పుడు చేతులు మోయాలి. చేతులకు తేలికవుతుందని కాస్టర్ తగ్గించేవాళ్లు కొందరు ఉన్నారు. అది సరికాదు. డ్రాగ్ కారుకు కాస్టర్ కావాలి. చేతులు అలవాటు పడతాయి. తిన్నగా పోలేని బండిని అలవాటు చేసుకోలేం.

రెండోది బంప్ స్టీర్. బయల్దేరేటప్పుడు కారు ముక్కు లేస్తుంది, కొన్ని కార్లలో ముందు చక్రాలు నేల కూడా వదిలేస్తాయి. లేచినప్పుడు చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ ఒక వంపులో, చక్రాన్ని రాక్‌తో కలిపే టై రాడ్ మరో వంపులో కదులుతాయి. ఆ రెండు వంపులూ కలవకపోతే డ్రైవరు తిప్పకుండానే చక్రాలు తిరుగుతాయి. అలా తిరిగిన చక్రాలు మళ్లీ నేలకు తగిలినప్పుడు కారు ఒక్కసారిగా పక్కకు దూకుతుంది. కొత్త రాక్ పాతదాని కన్నా కాస్త ఎత్తులోనో పల్లంలోనో కూర్చుంటే ఈ తేడా వస్తుంది. అందువల్ల స్ప్రింగు తీసేసి, చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ కదిలిస్తూ, ఎంత తిరుగుతోందో డయల్ గేజితో కొలుస్తారు. తేడా ఉంటే టై రాడ్ చివర చిన్న చిన్న వాషర్లు వేసి, లేదా రాక్ బుషింగులు మార్చి సరిచేస్తారు. దీనికి ఒక పూటంతా పట్టవచ్చు. కానీ నూనె తీసినంత తొందరగా ముగించాలనుకునేవాళ్లు వదిలేసే పని ఇదే, ఎక్కువ ప్రమాదాన్ని దాచుకునేదీ ఇదే.

రోజూ రోడ్డు మీద నడిపే కారుకు ఈ మార్పును నేను చెప్పను. వెడల్పు టైర్లు, ట్రాఫిక్కు, ఇరుకు పార్కింగులు ఉన్నచోట పవర్ స్టీరింగ్ ఉండడమే క్షేమం. రెండు చోట్లా తిరిగే బండికి కాలమ్‌కు అమర్చే ఎలక్ట్రిక్ మోటారు మంచి మధ్యేమార్గం. దానికి ఇంజను బెల్టు, నూనె రెండూ అక్కర్లేదు.

పని పూర్తయ్యాక నేరుగా పావు మైలుకు పోకూడదు. ముందు నెమ్మదిగా నడిపి చూడాలి, తర్వాత సగం దూరం పరుగు తీసి వదిలెయ్యాలి. ముగింపు రేఖ దాటాక బ్రేకు వేస్తున్నప్పుడు బండి ఎటు లాగుతోందో చేతులతో గమనించాలి. గంటకు 150 మైళ్లు దాటే కార్లకు పారాషూట్ ఉండి తీరాలన్నది నియమం. అది తెరుచుకున్నప్పుడు కలిగే కుదుపుకు కూడా ఆ చేతులు సిద్ధంగా ఉండాలి. మొదటి కొన్ని పరుగుల తర్వాత కారును తిరిగి పిట్‌లోకి తెచ్చి, రాక్ బోల్టులు, క్రాస్ జాయింట్ల స్క్రూలు, టై రాడ్ లాక్ నట్లు మళ్లీ బిగించి, అలైన్‌మెంటు మరోసారి కొలవాలి. ఆ కొలత మారలేదని తేలాకే పూర్తి పరుగు.