హైదరాబాదు నుంచి జిద్దా: ఎంత దూరం, ఎంత సేపు?
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



హజ్‌కు వెళ్లేవారి ఇళ్లలో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న, "జిద్దాకు ఎన్ని గంటలు బేటా?" అని. ఐదారు గంటలని చెప్పేస్తాం. ఆ ఒక్క మాట నమ్ముకొని ఇబ్బంది పడ్డవారిని మేము చూశాం. అందుకే ఈ రోజు దీని గురించే నాలుగు మాటలు.

శంషాబాదు నుంచి జిద్దాకు సూటిగా కొలిస్తే సుమారు 4,100 కిలోమీటర్లు. ఎక్కడా ఆగని విమానానికి ఐదున్నర, ఆరు గంటలు. తిరుగు ప్రయాణం కాస్త త్వరగా అయిపోతుంది, పైన పడమటి నుంచి వీచే గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి. మన పెద్దలు బొంబాయిలో ఓడ ఎక్కితే వారం రోజులు సముద్రం మీదే. 1995తో ఆ హజ్ ఓడలు ఆగిపోయాయి. ఓడలో మీఖాత్ దగ్గర పడుతోందంటే తీరిగ్గా గుస్ల్ చేసి ఇహ్రాం కట్టుకొనేవారు. విమానం గంటకు 800 కిలోమీటర్ల పైన పోతుంది. మీఖాత్ వస్తోందని చెప్పినా, ఆ ఇరుకు బాత్‌రూము ముందు క్యూలో నిలబడేలోగా దాటిపోతుంది. నేరుగా జిద్దాకు వెళ్లేవారు ఇహ్రాం ఇక్కడే కట్టుకోవాలి. నీయత్, తల్బియా మీఖాత్ రాకముందే కావాలి. ముందు మదీనాకు వెళ్లే విమానమైతే ఈ తొందర లేదు.

కొన్నేళ్ల కిందట మాతో వచ్చిన ఒక పెద్దాయన ఇహ్రాం గుడ్డలను పెద్ద పెట్టెలో సర్ది, ఆ పెట్టెను సామానులో వేసేశారు. సీట్లో కూర్చున్నాక గుర్తొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. వెనక సీటు కుర్రవాడి దగ్గర ఇంకో జత ఉండబట్టి గట్టెక్కారు.

ఇక గడియారం సంగతి. జిద్దా మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ మధ్యాహ్నం 2కు బయల్దేరి ఆరు గంటలు ఎగిరితే, అక్కడ సాయంత్రం 5.30. మన ఒంటికి మాత్రం రాత్రి 8! షుగరు ఉన్నవారు అక్కడి టైము చూసి ఇంకా పొద్దుందిలే అని కూర్చోకూడదు. మందు, తిండి వేళలు ముందే డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, సామానులో వేస్తే చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. మగ్రిబ్‌కూ చేతి గడియారాన్ని నమ్మకండి. విమానం పడమటికి పోతోంది, ఇక్కడ పొద్దుగూకే వేళకు అక్కడ కిటికీలో సూర్యుడు ఇంకా కనిపిస్తూనే ఉంటాడు.

ఆ ఆరు గంటలూ ఆకాశంలోవి మాత్రమే. కర్నూలు నుంచి శంషాబాదుకే బస్సులో నాలుగు గంటలు. హజ్ హౌస్‌లో, విమానాశ్రయంలో కాగితాలు, తనిఖీలు. జిద్దాలో దిగాక మళ్లీ వరుసలు, ఆ తర్వాత మక్కాకు 80 కిలోమీటర్ల రోడ్డు. మేము వెళ్లినప్పుడు హజ్ హౌస్ గడప దాటింది మొదలు మక్కాలో గది తలుపు తీసేవరకు ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. ఇక్కడ ఇంట్లోవాళ్లు ఆరు గంటలు దాటగానే ఫోను రాలేదని ఏడుపులు మొదలుపెట్టారట!

అందుకని ఈసారి వెళ్లేవారి కుటుంబాలకు ఒక మనవి. మరునాటి వరకు ఫోను కోసం కంగారు పడకండి. బస్సు దగ్గరకు మన సంఘం కుర్రాళ్లు వస్తారు. ఇహ్రాం, మందులు చేతిసంచిలో ఉన్నాయో లేదో వాళ్లే విప్పి చూస్తారు, దయచేసి ఏమీ అనుకోకండి.

ఖుదా హాఫిజ్.