వాన రోజున బిడ్డను బడికి పంపేటప్పుడు

మొదటి ఖుత్బా

స్తుతిస్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. మేఘాలను నడిపించేవాడు ఆయనే; ఎండి బీటలు వారిన నేలకు వానతో తిరిగి ప్రాణం పోసేవాడు ఆయనే. ఆయన పంపిన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతిశుభాలు వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా!

ముందుగా నా ఆత్మకు, ఆ తరువాత మీకు తఖ్వాను గురించి హితవు చేస్తున్నాను. అల్లాహ్‌కు భయపడుతూ జీవించండి. ఈ భయభక్తులు నమాజు వరుసలో ఎంత అవసరమో, ఇంటి గుమ్మంలోనూ అంతే అవసరం. బయట వాన కురుస్తూ ఉంటుంది. ఉదయం ఏడున్నర దాటుతుంది. పుస్తకాల సంచి భుజాన వేసుకుని బిడ్డ గుమ్మంలో నిలబడి మన ముఖం వైపు చూస్తుంది. పంపాలా, ఆపాలా? చిన్న విషయంగా కనిపించే ఈ నిర్ణయాన్ని గురించి ఈ రోజు కొన్ని మాటలు మనవి చేస్తాను.

మన సిద్దిపేట ప్రాంతం వాన కోసం ఆకాశం వైపు చూసిన నేల. బోర్లు ఎండిపోయిన సంవత్సరాలు మన పెద్దలకు బాగా గుర్తున్నాయి. ఇటువంటి నేల మీద కురిసే ప్రతి చినుకూ అల్లాహ్ కారుణ్యమే. అయితే అదే వాన ఒక్క రాత్రిలో మోయతుమ్మెద వాగును, కూడవెల్లి వాగును నిండుగా పారిస్తుంది. చెరువులు మత్తడి దూకుతాయి. నిన్న నడిచి దాటిన కల్వర్టు ఈ రోజు కంటికి కనిపించదు. 2020 ఆగస్టులో కోహెడ మండలం బస్వాపూర్ దగ్గర మోయతుమ్మెద వాగు ఒక లారీనే ఈడ్చుకుపోయింది. డ్రైవరు ప్రాణం దక్కలేదు. లారీని నిలువనీయని నీటి ముందు ఆటో ఎంత? బిడ్డ ఎంత?

2023 జూలైని గుర్తు చేసుకోండి. ఎడతెగని వానల వల్ల ప్రభుత్వం ఆ నెల 20 నుంచి రాష్ట్రంలోని విద్యాసంస్థలకు సెలవులు ప్రకటించింది. మరుసటి వారం మళ్లీ ప్రకటించవలసి వచ్చింది. జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వర్షం కురిసింది. ఒక రోజులో 20 సెంటీమీటర్లు దాటితేనే వాతావరణ శాఖ దానిని అత్యంత భారీ వర్షంగా లెక్కిస్తుంది. అక్కడ దానికి మూడింతలకు పైగా కురిసింది. 2024 సెప్టెంబరు 2న కూడా వానల వల్లనే రాష్ట్రమంతటా బడులు మూతపడ్డాయి.

సెలవు ప్రకటించిన రోజున మనకు చిక్కు లేదు. ప్రకటన రాని రోజుననే చిక్కు. హైదరాబాదులో ఉన్న అధికారికి మన ఊరి కల్వర్టు తెలియదు. జిల్లా అధికారికి మన వీధి చివరి గుంత తెలియదు. అవి మనకు తెలుసు. తెలిసినవారి మీదనే బాధ్యత ఉంటుంది. ప్రతి మనిషీ ఒక కాపరి అని, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి అతడు ప్రశ్నించబడతాడని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ప్రళయ దినాన మన బిడ్డను గురించి మనల్ని అడిగినప్పుడు, సెలవు ప్రకటించలేదు గనుక పంపాను అన్న జవాబు చెల్లుతుందా? ఆలోచించండి.

2022 జూలై 8, శుక్రవారం ఉదయం. మహబూబ్‌నగర్ జిల్లాలో మన్యంకొండ, కోడూరు గ్రామాల మధ్య ఉన్న రైల్వే అండర్‌బ్రిడ్జి వాన నీటితో నిండి ఉంది. పిల్లలతో వెళ్తున్న ఒక బడి బస్సు ఆ నీటిలోకి దిగి ఆగిపోయింది. బస్సు సగం దాకా మునిగింది. పాతిక మందికి పైగా పసిపిల్లలు లోపల ఉన్నారు. చుట్టుపక్కల వారు పరుగెత్తి వచ్చి వారిని బయటికి తీశారు. అల్లాహ్ దయవల్ల అందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు. రెండు రోజుల్లో బక్రీదు. ఆ తల్లిదండ్రులలో ఎవరూ పిల్లలపై ప్రేమ లేక పంపినవారు కాదు. రోజూ వచ్చే బస్సే గదా అని పంపారు. మన ఇళ్లలోనూ రోజూ జరిగేది అదే.

సోదరులారా!

ఈ విషయంలో మన ధర్మం ఏం చెబుతోంది? ఒక జుమా రోజు సంఘటన వినండి. ఆ రోజు వాన కురిసి దారులన్నీ బురదమయం అయ్యాయి. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె అబ్బాస్ (రజి) ముఅజ్జిన్‌ను పిలిచి, అజాన్‌లో నమాజుకు రమ్మని పిలిచే చోట ప్రజలను తమ ఇళ్లలోనే నమాజు చేసుకోమని ప్రకటించు అన్నారు. విన్నవారికి ఇది వింతగా తోచింది. అప్పుడు ఆయన, తనకంటే ఉత్తములైన దైవప్రవక్త (స) ఇలాగే చేశారని చెప్పారు. జుమా విధి అయినప్పటికీ, ప్రజలు బురదలో జారుతూ రావడం తనకు ఇష్టం లేకపోయిందని వివరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ ఈ ఉల్లేఖనాన్ని నమోదు చేశాయి.

ఇందులో మూడు సంగతులు గమనించండి. మొదటిది, జుమా ఎంతటి విధి! దానిని విడువడం ఎంతటి నేరం! అయినా దారి కష్టమైన రోజున ధర్మమే సడలింపు ఇచ్చింది. విద్యాభ్యాసం కూడా విధి. విద్యాన్వేషణలో ఒక దారి పట్టినవానికి అల్లాహ్ స్వర్గానికి దారిని సులభం చేస్తాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. అయితే జుమాకు ఉన్న సడలింపు బడికి లేదని ఏ విజ్ఞుడు అనగలడు?

రెండవది, ఇబ్నె అబ్బాస్ (రజి) ఆకాశాన్ని మాత్రమే చూడలేదు. దారిని చూశారు, నడిచేవారి కాళ్లను చూశారు. మనం చూడవలసింది కూడా అదే. చిరుజల్లులో గొడుగు పట్టుకుని పక్క వీధిలోని బడికి వెళ్లే బిడ్డకు ప్రమాదం లేదు. వాన వెలిసి ఎండ కాసిన ఉదయం కూడా, పైనుంచి వచ్చే వరద వల్ల వాగు దాటవలసిన బిడ్డకు ప్రమాదం ఉండవచ్చు.

మూడవది చాలా ముఖ్యమైనది. సడలింపు ఇచ్చింది ఎవరు? పిలిచే అధికారం ఉన్నవారే ఇచ్చారు. రావాలో వద్దో తేల్చుకునే భారం సామాన్యుల మీద వదలలేదు. రాలేకపోయానే అన్న అపరాధ భావం వారికి మిగల్చలేదు. ఈ వరుసలలో ఉపాధ్యాయులు ఉన్నారు, పాఠశాలలు, మదరసాలు నడిపేవారు ఉన్నారు. వారికి నా మనవి: వాన రోజున రాని బిడ్డను మరునాడు నిలబెట్టి అడగకండి. హాజరు కోత అని, జరిమానా అని భయపెట్టకండి. తప్పిన పాఠం మరల చెప్పండి. మీరు ముందుగా ఒక్క మాట చెబితే, వంద ఇళ్లలో తల్లిదండ్రులు నిశ్చింతగా నిర్ణయం తీసుకోగలుగుతారు.

నా సంగతి కూడా దాచను. కొన్నేళ్ల క్రితం, రాత్రంతా వాన కురిసిన ఒక ఉదయం, మా అమ్మాయికి పరీక్ష ఉండింది. వాళ్లమ్మ వద్దంది. నేను వినలేదు. ఏడాది కష్టం పోతుందని ఆటో ఎక్కించాను. అరగంటకే ఆటో తిరిగి వచ్చింది. కల్వర్టు మీద నీరు చూసి డ్రైవరు వెనుదిరిగాడు. నాకు కోపం వచ్చింది. మిగిలిన ఆటోలు పోతున్నాయి గదా అన్నాను. ఆ హిందూ సోదరుడు నిదానంగా ఒకటే అన్నాడు: "సాబ్, పరీక్ష మల్లా పెడ్తరు. పిల్ల మల్లా రాదు." నేను తల దించుకున్నాను. మింబరు మీద నిలబడి అమానత్ గురించి ఎన్నో మాటలు చెప్పినవాణ్ణి, ఆ ఉదయం నా అమానత్‌ను కాపాడింది అతడు. ఇప్పటికీ వాన కురిసిన ప్రతి ఉదయం ఆ మాట నాకు వినిపిస్తుంది. అల్లాహ్ అతనికి, అతని పిల్లలకు మేలు చేయుగాక!

కొందరు అంటారు: మరణం రాసి ఉంటే ఇంట్లో ఉన్నా తప్పదు, అల్లాహ్ మీద భారం వేసి పంపాలి. ఈ మాటలో సగమే సత్యం ఉంది. యూసుఫ్ సూరాను చదవండి. యూసుఫ్ (అలై)ను తమతో పంపమని అన్నలు అడిగినప్పుడు తండ్రి యాఖూబ్ (అలై) మనసు ఒప్పలేదు. మీరు ఏమరుపాటుగా ఉండగా తోడేలు తింటుందేమోనని భయాన్ని దాచుకోకుండా చెప్పారు. ప్రవక్త అయిన తండ్రి కూడా బిడ్డను పంపేటప్పుడు భయపడ్డారు. అది విశ్వాస లోపం కాదు. తరువాత చిన్న కుమారుణ్ణి ఈజిప్టుకు పంపవలసి వచ్చినప్పుడు ముందుగా అన్నల నుంచి గట్టి వాగ్దానం తీసుకున్నారు. అందరూ ఒకే ద్వారం గుండా కాక వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశించమని జాగ్రత్త చెప్పారు. అల్లాహ్ నిర్ణయాన్ని నేను తప్పించలేనని, నా భారమంతా ఆయనపైనే అని కూడా ఆ నోటితోనే అన్నారు. జాగ్రత్త, తవక్కుల్ ఒకే తండ్రి హృదయంలో కలిసి ఉన్నాయి. ఆ జాగ్రత్తను ప్రస్తావించి ఖుర్ఆన్ ఆయనను జ్ఞానసంపన్నుడని ప్రశంసించింది.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళ్తూ, అక్కడ ప్లేగు వ్యాపించిందని విని వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామని జవాబిచ్చారు. పొంగే వాగు దగ్గర వెనుదిరిగిన ఆటో డ్రైవరు చేసింది కూడా అదే.

ఇక నాణేనికి మరో వైపు కూడా ఉంది. సడలింపును సోమరితనానికి సాకుగా మార్చకూడదు. నాలుగు చినుకులకు పిల్లలను మానిపించి, అదే రోజు వారిని వెంటబెట్టుకుని విందుకు వెళ్లడం ఏ రకమైన జాగ్రత్త? పైగా ఇల్లు ఎప్పుడూ సురక్షితం అనుకోవడం కూడా పొరపాటే. తల్లిదండ్రులిద్దరూ కూలికి వెళ్లే ఇంట్లో ఒంటరిగా మిగిలిన పిల్లవాడు చెరువు చూడడానికి వెళ్తాడు. తడిసిన గోడ, తెగిన కరెంటు తీగ ఇంటి దగ్గరే ఉంటాయి. కొందరు పిల్లలకు బడిలో పెట్టే మధ్యాహ్న భోజనమే ఆ రోజుకు కడుపునిండా తిండి. కనుక ఆపాలని నిర్ణయిస్తే, ఆ బిడ్డను ఎవరు చూస్తారో, ఏం తింటుందో కూడా అప్పుడే నిర్ణయించాలి.

నేను పలికిన ఈ మాటలలో మంచిని స్వీకరించండి. అల్లాహ్ నన్ను, మిమ్మల్ని క్షమించుగాక!

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కే స్తోత్రం. ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతిశుభాలు కలుగుగాక!

సోదరులారా! విన్నది ఆచరణలోకి రావాలి గనుక నాలుగు పనులు చెబుతాను.

మొదటిది: వాన రోజున ఫజ్ర్ నమాజు ముగిసిన తరువాత వాతావరణ శాఖ హెచ్చరికను చూడండి. ఎరుపు హెచ్చరిక ఉంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోవాలని అర్థం. ఆరంజి రంగు ఉంటే సిద్ధంగా ఉండాలని అర్థం. ఆ తరువాత మీ దారిని గురించి విచారించండి.

రెండవది: ఒక కొలత గుర్తుంచుకోండి. వేగంగా పారే అర అడుగు నీరు పెద్ద మనిషినే పడదోయగలదు. అడుగు నీరు చిన్న కారును కదిలించగలదు. రెండు అడుగులు చాలా వాహనాలను కొట్టుకుపోయేలా చేయగలవు. బిడ్డ దారిలో రోడ్డు మీద నీరు పారుతూ ఉంటే ఇక ఆలోచన అవసరం లేదు. ఆ రోజు పంపకండి.

మూడవది: సాయంత్రాన్ని గురించి ఉదయమే ఆలోచించండి. వెళ్లేటప్పుడు తెరిచి ఉన్న దారి వచ్చేటప్పుడు మూసుకుపోవచ్చు. దారి తెగితే బిడ్డ బడిలోనే ఆగాలని, ఎవరు వచ్చి తీసుకువెళ్తారో వారితోనే రావాలని ముందే చెప్పండి. ఉరుములు వినిపిస్తే చెట్టు కింద నిలబడవద్దని నేర్పండి. ఆటో డ్రైవరుకు మీరే చెప్పండి: నీరు కనిపిస్తే వెనుదిరుగు, నిన్ను ఎవరూ ఏమీ అనరు. కిరాయి పోతుందన్న భయంతో అతడు దాటకుండా, వెనుదిరిగిన రోజు కిరాయి కూడా ఇవ్వండి.

నాలుగవది: మనకు తెలిసినది ఇతరులకు తెలియజేద్దాం. ఫలానా కల్వర్టు మునిగిందని ఫజ్ర్‌కు వచ్చిన ఒక్కరికి తెలిస్తే, ఆ కబురు వీధి అంతటికీ చేరాలి. ఆ కబురు ముస్లింలకు మాత్రమే కాదు. నీరు ఎవరి బిడ్డ అని అడిగి ముంచదు; మనమూ ఎవరి బిడ్డ అని అడగకుండా కాపాడాలి. పని మానలేని తల్లిదండ్రుల పిల్లలను ఆ రోజు పొరుగింటివారు తమ ఇంట కూర్చోబెట్టుకుని ఒక ముద్ద పెడితే, అది గొప్ప సదకా.

దైవప్రవక్త (స) పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు కలత చెందుతుందని నమాజునే కుదించేవారు. ఒక జుమా రోజున ఖుత్బా మధ్యలో ఒక వ్యక్తి వాన కోసం దుఆ చేయమని కోరితే దుఆ చేశారు. మరుసటి జుమా దాకా వాన ఆగలేదు. ఇళ్లు కూలుతున్నాయని మొర పెట్టుకుంటే, ఆ వాన తమ మీద కాక తమ చుట్టూ, కొండల మీద, లోయలలో, చెట్లు మొలిచే చోట్ల కురవాలని వేడుకున్నారు. వానను కాదనలేదు. దాని నుంచి రక్షణ కోరారు. మనమూ అలాగే వేడుకుందాం.

ఓ అల్లాహ్! మా చెరువులను నింపు, మా పిల్లలను కాపాడు. వారిని జ్ఞాన మార్గంలో నడిపించు, ఆ మార్గాన్ని వారికి క్షేమకరం చెయ్యి. వరదలలో బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులకు సహనాన్ని ప్రసాదించు. ప్రాణాలకు తెగించి ఇతరుల పిల్లలను రక్షించినవారికి ఉత్తమ ప్రతిఫలం ఇవ్వు. పంపవలసిన రోజున పంపే ధైర్యాన్ని, ఆపవలసిన రోజున ఆపే వివేకాన్ని మాకు అనుగ్రహించు.

ఆమీన్. లేవండి, నమాజుకు వరుసలు సరిచేసుకోండి.