పెదనాన్నకి ఒళ్ళు లేదు, కానీ 5 పాయింట్లు వచ్చాయి

ఇంట్లో కొలత టేపు ఉంటే పక్కన పెట్టుకోండి, కాసేపట్లో పనుంది.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా పెదనాన్న కొబ్బరి దింపు తీస్తాడు. వయసు 54, సన్నగా, గట్టిగా ఉంటాడు. ఆశా వర్కర్ ఇంటికొచ్చి ఫారం నింపుతుంటే "రోజూ చెట్లెక్కేవాడిని, నాకేటమ్మా రోగం" అన్నాడు. ఆవిడ లెక్కేసి "5 వచ్చిందండి బాబాయ్ గారూ, బీపీ చూపించుకోండి" అంది.

ఆ ఫారం పేరు సీబ్యాక్. 30 దాటినవాళ్ళందరికీ నింపుతారు. వయసు 50 నుంచి 59 మధ్య ఉంటే 3 పాయింట్లు, రోజూ పొగాకు ఉంటే 2. పెదనాన్నకి చుట్ట లేనిదే తెల్లారదు. నడుంకి సున్నా, కష్టానికి సున్నా, అయినా 5! 4 దాటినవాళ్ళని ముందుగా పరీక్షలకి పంపుతారు. మిగతావాళ్ళని వదిలేస్తారని కాదు, వరసలో వీళ్ళు ముందన్నమాట.

ఇప్పుడు టేపు తీయండి. పాతికేళ్ళ కుర్రాడనుకోండి. వయసుకి 0. నడుం 95 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటింది కాబట్టి 1. ఆడవాళ్ళకైతే 80 దాటితేనే 1. వారానికి 150 నిమిషాలు కూడా ఒళ్ళు కదల్చకపోతే 1. అమ్మకో నాన్నకో షుగర్, బీపీ ఉంటే 2. మొత్తం 4. రోజూ సిగరెట్ కూడా ఉందా, 6. మా పెదనాన్నని దాటేశాడు!

ఇది జబ్బు ఉందని చెప్పే లెక్క కాదు. 1948లో అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో వేలమందిని ఏళ్ళ తరబడి గమనిస్తూ, ఎవరికి గుండెపోటు వచ్చిందో రాసుకుంటూ పోయారు. ఇలాంటి లెక్కలకి పునాది అదే. పదేళ్ళలో 100 మందిలో 20 మందికి రావచ్చని చెప్పగలవు. ఆ 20 మంది ఎవరో చెప్పలేవు.

మనవైపు సంగతి? 2004 ప్రాంతంలో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళ మరణాలు లెక్కేస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులే. తర్వాత పశ్చిమ గోదావరిలో 54 ఊళ్ళలో స్మార్ట్‌హెల్త్ అని ఒక ప్రయోగం చేశారు. ఆశాల చేతికి ట్యాబ్ ఇచ్చి, ముప్పు ఎక్కువున్నవాళ్ళని గుర్తించి, డాక్టర్ దగ్గరికి పంపారు. చివరికి చూస్తే, బీపీ అదుపులోకి రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకైతే ఆశ్చర్యం వెయ్యలేదండి.

ఎందుకంటే పెదనాన్న బీపీ 170 వచ్చింది, మాత్రలూ ఇచ్చారు. 30 మాత్రలు. నెలాఖరున నేను లెక్కపెడితే 19 అలాగే ఉన్నాయి. "తలనొప్పి లేదుగా, ఇంకెందుకురా" అన్నాడు. ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్ చేసి, మాత్ర వేసుకున్నాకే పెట్టేస్తున్నాను.

ఉంటానండి.