యంత్రానికి రాయితీ – కార్మికునికి రక్షణ
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొంతం చౌక్ పరిసరాలలో మగ్గం చప్పుడు వినకుండా పెరిగిన విద్యార్థి అరుదు. ఇక్కడి పద్మశాలి కుటుంబాలు చాలావరకు తెలంగాణ పల్లెల నుండి నేతపనిని చేతబట్టుకొని వచ్చినవే. చేమగ్గం స్థానంలో మరమగ్గం వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో నాడె లేని రేపియర్ మగ్గం వస్తున్నది. ఇట్టి మార్పు వచ్చినప్పుడు ప్రభుత్వం ఎవరికి అండగా నిలవాలన్నదే ఇక్కడ విచారింపదగిన విషయం.

కొత్త యంత్రం మొదట ఎవరి పనిని తీసివేస్తుందో గమనించాలి. పాత మరమగ్గంలో పేక నూలును కండెలకు చుట్టి నాడెలో అమర్చాలి. రేపియర్ మగ్గం ఆ నూలును నేరుగా కోను నుండి లాగుకొంటుంది. కండె అక్కరలేనప్పుడు కండెలు చుట్టే స్త్రీ కూడా అక్కరలేదు. ఆ తరువాతిది నేతగాని వంతు. ఒక మనిషి చూచుకోగల మగ్గాలు పెరిగినకొద్దీ పనివారి సంఖ్య తగ్గుతుంది. హాజరు పట్టీలో పేరు లేనివారి ఉపాధి పోతే, పోయినదని చూపే కాగితమైనా ఉండదు.

ఈ విషయంలో షోలాపురానికి చరిత్ర ఉన్నది. ఇక్కడి స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ మిల్లు 1949లో మూతపడగా, కేంద్ర ప్రభుత్వం 1950లో ప్రత్యేక చట్టం చేసి దాని నిర్వహణను చేపట్టింది. ఆ చట్ట పీఠికలో ఉత్పత్తికి కలిగిన నష్టంతోబాటు కార్మికులలో ఏర్పడిన తీవ్ర నిరుద్యోగం కూడా కారణంగా పేర్కొనబడింది. ఆ ఏడాది డిసెంబరులోనే సర్వోన్నత న్యాయస్థానం ఆ చట్టాన్ని సమర్థించింది.

1985లో చేనేతకు కొన్ని వస్త్రాలను ప్రత్యేకించే చట్టం వచ్చింది. మొదట 22 రకాలుగా ఉన్న జాబితా తరువాత 11కు తగ్గింది. కేవలం నిషేధంతో యంత్రాన్ని నిలువరించడం సాధ్యం కాదని దీనివలన తెలుస్తున్నది. 1986లో వచ్చిన జౌళి కార్మికుల పునరావాస నిధి పథకం మరొక మార్గం చూపింది. శాశ్వతంగా మూతపడిన మిల్లు కార్మికునికి మొదటి ఏడు వేతనంలో 75 శాతం, రెండవ ఏడు 50, మూడవ ఏడు 25 శాతం ఇవ్వాలని అందులో ఉన్నది. ఆలోచన మంచిదే. కాని మిల్లు మూతపడకుండా, మగ్గం మారినందువలన మాత్రమే పని కోల్పోయినవానికి అది అక్కరకు రాలేదు.

1999లో జౌళి పరిశ్రమకు సాంకేతిక ఆధునికీకరణ నిధి పథకం ఆరంభమైంది. దాని సవరణ రూపం 2022 మార్చి వరకు సాగింది. రాయితీని రుణాన్నిబట్టి, యంత్రం విలువనుబట్టి లెక్కగట్టారు. పోటీలో నిలవవలసిన చిన్న యజమానికి అది అవసరమే. అయితే ప్రజాధనంతో వచ్చిన ఆ యంత్రం ముందు పని పోగొట్టుకొన్నవారి లెక్క ఎవరు వేశారు?

ఇందుకు ఆదర్శం ఈ పేటలోనే ఉన్నది. బీడీలు ఇంటిలోనే చుట్టినా ఆ తల్లులను చట్టం కార్మికులుగా గుర్తించింది. 1976 చట్టాల ప్రకారం బీడీలపై స్వల్ప సుంకం విధించి, ఆ నిధితో వైద్యం, గృహవసతి, పిల్లలకు విద్యార్థి వేతనాలు సమకూర్చారు. జి.ఎస్.టి. రాకతో 2017లో ఆ సుంకం రద్దయింది. సుంకం పోయినా దాని వెనుకనున్న న్యాయం నిలిచే ఉన్నది: పరిశ్రమ ఆదాయంలో కార్మికుని కుటుంబానికి వాటా ఉండాలి.

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి, తొలగింపబడిన కార్మికుని నైపుణ్య శిక్షణకై యజమాని 15 రోజుల వేతనం జమచేయాలంటున్నది. ఇది మొదటి మెట్టు మాత్రమే. పదిహేను రోజులలో ఎవరూ కొత్త వృత్తి నేర్వలేరు.

కాబట్టి ప్రభుత్వం మూడు పనులు చేయాలి. మొదటిది, యంత్ర రాయితీ కోరే ప్రతి దరఖాస్తులో, కండెలు చుట్టేవారితో సహా, కార్ఖానాలో పనిచేసేవారందరి పేర్లు ఉండాలి. రెండవది, రాయితీలో ఒక భాగం వారి శిక్షణకు, శిక్షణ కాలపు భృతికి కేటాయించాలి. ఆ శిక్షణ వారికి తెలిసిన తెలుగు, మరాఠీ భాషలలో, యంత్రం రాకముందే జరగాలి. మూడవది, కొత్త పని నేర్వలేని వయస్సువారికి 1986 నాటి పద్ధతిలో భృతిని, ఆపైన పింఛనును కల్పించాలి.

పాఠశాలకు ఈ ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. ఇంటిలో ఒక జీతం ఆగిపోతే తరచుగా ముందు ఆగేది ఆడపిల్ల చదువు. మగ్గం మారిన వార్త ఈ విధంగా తరగతి గదికి చేరుతుంది.

ఈ సభలో కార్ఖానా యజమానులు ఉన్నారు, కార్మికులూ ఉన్నారు. ఒకే బల్లపై కూర్చుని అక్షరాలు దిద్దినవారు వీరు. ప్రభుత్వ ఉత్తరువు వచ్చేవరకు ఆగనక్కరలేని పని ఒకటి ఉన్నది. పూర్వ విద్యార్థులైన యజమానులు తమ వద్ద పనిచేసే ప్రతివారి పేరును, కండెలు చుట్టే తల్లి పేరుతో సహా, హాజరు పట్టీలో వ్రాయించాలి. రేపు ఏ పథకం వచ్చినా ఆమె హక్కుకు ఆ పేరే ఆధారమవుతుంది.