అన్న కారు – తమ్ముడి సొట్ట

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుస్తామో మీకందరికీ తెలిసినదే. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చి చెప్పింది. డి.ఎ. బకాయిల గురించి కార్యదర్శిగారు ఎటూ మాట్లాడతారు. నన్ను మాత్రం "మీ అన్నగారి కారు సంగతి చెప్పండి" అన్నారు. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు కట్టిన గుమాస్తాను. కారు గురించి చెప్పినా నోట్ ఫైలు లాగే ఉంటుంది, ఓర్చుకోండి.

మా అన్నయ్య 1974లో అంబాసిడర్ మార్క్-2 కొన్నాడు. ముందువైపు చిన్న చిన్న గళ్ళ గ్రిల్లు, స్టీరింగు పక్కన గేరు. మనుబోలు నుంచి అటు గూడూరుకు, ఇటు నెల్లూరుకు బాడుగకు తిప్పేవాడు. మా చెల్లెలి పెళ్ళి ఆ బాడుగ డబ్బుతోనే జరిగింది. నేను 1972లో గూడూరు తాలూకా ఆఫీసులో చేరాను గాని, నా జీతం నా సైకిలుకూ, హోటలు భోజనానికీ సరిపోయేది.

ఈ కారు పుట్టుక గురించి రెండు మాటలు. ఇది ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా. హిందుస్తాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో 1950ల చివర నుంచి 2014 దాకా తయారు చేశారు. 2017లో ఆ పేరును ప్యూజో అనే ఫ్రెంచి కంపెనీకి 80 కోట్లకు అమ్మేశారు. మన కలెక్టర్లు, మంత్రులు తిరిగిన బండి పేరుకు చివరికి అంత ధర పలికింది!

లారీకి ఉన్నట్టు ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోరు రేకు, తలుపుల కింది సిల్లు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. కనుక రేకు తుప్పు పట్టిందంటే అందం పోయిందని కాదు, ఎముక పుచ్చిందని అర్థం. మనది ఉప్పుగాలి తగిలే ప్రాంతం. తలుపుల అడుగున నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడిపోతే వాననీరు లోపలే నిలిచి రేకును తినేస్తుంది.

2008లో నేను రిటైరయ్యాను. మరుసటి ఏడు గ్రాట్యుటీ డబ్బులో నుంచి ఇరవై అయిదు వేలు తీసి, అన్నయ్యకు కానుకగా కారుకు బాడీ పని చేయించాను. షెడ్డు పేరు చెప్పను. అద్దంలా మెరిసిపోతూ ఇచ్చారు. రెండేళ్ళు తిరక్కుండానే రంగు అప్పడంలా పొంగింది. తుప్పు కోయకుండా దాని మీదే అంగుళం మందాన లప్పం మెత్తి, పైన రంగు కొట్టారు. తప్పు వాళ్ళ ఒక్కరిదే అనను. పైపూత చూసి డబ్బు చెల్లించింది నేను. కింద ఏముందో చూడకుండా సంతకం పెట్టడం మనకు సర్వీసులో అలవాటైన రోగమే కదా!

ఆ తర్వాత కారు పదమూడేళ్ళు రేకుల పందిరి కిందే ఉండిపోయింది. 2024 సంక్రాంతికి అన్నయ్య మనవడు బెంగుళూరు నుంచి వచ్చాడు. అమెరికాలో 1964లో వచ్చిన పోంటియాక్ జి.టి.ఓ. లాంటి 'మజిల్ కార్ల' బొమ్మలు ఫోనులో చూపించి, "చిన్నతాతా, దీని పైకప్పు కోసి కిందికి దించుదాం, వెడల్పు టైర్లు వేద్దాం, ఊరంతా చూస్తుంది" అన్నాడు. కుర్రవాడి ఉత్సాహం తప్పని నేననను. హైదరాబాదులో కె. సుధాకర్ గారు వంకాయ ఆకారంలో, క్రికెట్ బంతి ఆకారంలో కార్లు కట్టి, 2010లో సుధా కార్స్ మ్యూజియమే తెరిచారు. అదొక విద్య. అయితే అవి ప్రదర్శనకు చేసినవి. మనది రోడ్డెక్కవలసిన బండి.

గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోక చట్టం తీశాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. రంగు మార్పు వంటివైతే అనుమతితో ఆర్.సి.లో రాయించుకోవచ్చు. ఇక 2021 జూలైలో కేంద్రం పాత వాహనాలకు వేరే నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే దానిని వింటేజ్ వాహనంగా గుర్తిస్తారు. కాని అలా గుర్తించిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజూ తిప్పకూడదు. ఇదంతా చెప్పేసరికి మనవడు "అయితే పాతది పాతగానే చేయిద్దాం తాతా" అన్నాడు. నెల్లూరు ఆటోనగర్లో ఒక ముసలి టింకరింగ్ మేస్త్రిని పట్టుకున్నాము.

ఆయన ముందు జేబులోంచి అయస్కాంతం తీశాడు. రేకు ఉన్నచోట అతుక్కుంది, లప్పం ఉన్నచోట జారిపోయింది. మీరెవరైనా పాత కారు కొంటే ఈ పరీక్ష చేయండి, దమ్మిడీ ఖర్చు లేదు. తర్వాత లప్పమంతా గీకి, పుచ్చిన రేకు కోసి, 20 గేజి రేకుతో అతుకులు కట్టాడు. వెల్డింగు ఒకేసారి పొడుగునా లాగితే వేడికి రేకు వంకర తిరుగుతుందట. అందుకని ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, ఆరనిచ్చి మళ్ళీ పెట్టాడు. సొట్టలను లోపల ఇనుపదిమ్మె ఆనించి బయట సుత్తితో తట్టి తీశాడు. కళ్ళతో కాదు, అరచేతితో తడిమి చూసేవాడు. చివర ప్రైమరు, పలుచగా లప్పం, ఆ పైన రంగు. ఏడు నెలలు పట్టింది. అంచనా తొంభై వేలు, తేలింది లక్షా అరవై వేలు. అంచనాలు సవరించేది మన ఆఫీసుల్లోనే అనుకునేవాడిని!

ఇప్పుడు అసలు సంగతి. ఎడమవైపు వెనక మడ్‌గార్డు మీద లప్పం గీకితే, చెయ్యి పట్టేంత సొట్ట బయటపడింది. 2009లో దాన్ని తీయకుండా పూడ్చేశారు. రేకు గట్టిగా ఉంది, తుప్పు లేదు. మేస్త్రి సుత్తి ఎత్తాడు. ఎనభై నాలుగేళ్ళ మా అన్నయ్య కుర్చీలోంచి లేచి వచ్చి, దాని మీద చెయ్యి పెట్టి, "అది తీయబాకు అబ్బయ్యా. అది మావాడిది" అన్నాడు. మనవడు నా వైపు తిరిగాడు.

1976లో అన్నయ్య నిద్రపోతున్నప్పుడు తాళం తీసుకుని నేను డ్రైవింగు నేర్చుకోబోయి, రివర్సులో మోరీ గోడను గుద్దాను. మర్నాడు పెళ్ళి బాడుగ ఉంది. సొట్ట కారు మాకొద్దని పెళ్ళివారు వెళ్ళిపోయారు. మా నాయన రంకెలు వేస్తుంటే అన్నయ్య "నేనే చూసుకోలేదు నాయనా" అన్నాడు. నేను గడప దగ్గర నిలబడి విన్నాను. నోరు విప్పలేదు. నెల రోజులు నాయన అన్నయ్యతో మాట్లాడలేదు. ఆయన పోయేదాకా ఆ నిజం ఆయనకు తెలియదు. నలభై ఎనిమిదేళ్ళు అన్నయ్య ఎవరితోనూ అనలేదు. అన్నదల్లా ఆ ఒక్క మాటే, ఆ రోజు షెడ్డులో. మిగతాది నేనే మనవడికి చెప్పాను. ఈ రోజు మీకు చెబుతున్నాను.

సొట్ట అలాగే ఉంది, దాని మీద తెల్లరంగు వేశారు. వింటేజ్ గుర్తింపుకు మేము వెళ్ళలేదు. మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకున్నాము, ఎందుకంటే అన్నయ్యను కంటి ఆసుపత్రికి అందులోనే తీసుకెళ్ళాలి. డ్రైవరు నేనే. రివర్సు చేసేటప్పుడు మాత్రం ఆయన ఇప్పటికీ దిగి, వెనక నిలబడి చెయ్యి ఊపుతాడు.

మన పాత తప్పులు కూడా లప్పం కింద ఎక్కడో ఉంటాయి. అవతలి మనిషి బతికుండగానే గీకి చూసుకోవడం మంచిది.  అన్నయ్య బయట కారులో కూర్చున్నాడు, సభకు రమ్మంటే సిగ్గుపడ్డాడు. పోయేటప్పుడు పలకరించి పోండి.