అపవాదు మాటున గని

2009వ సంవత్సరం డిసెంబరు 27, ఆదివారం. మంచిర్యాలలో ఒక చిన్న హోటలులో ఉదయపు టీ కొరకు కూర్చున్నాము. వీధికి ఆవలి ప్రక్కన రిలే నిరాహార దీక్షలకు గుడారం కట్టుచున్నారు. లోపల ఒక యువకుడు దినపత్రికను బిగ్గరగా చదువుచుండగా పదిమంది చుట్టూ చేరి వినుచున్నారు. నాటి ఆంధ్రప్రదేశ్ గవర్నరు నారాయణ్ దత్ తివారీ గారు ముందటి దినముననే పదవికి రాజీనామా ఇచ్చియుండిరి. 25వ తేదీన ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానలు రాజభవనంలోనివిగా చెప్పబడిన దృశ్యాలను ప్రసారం చేసినది. ప్రసారాన్ని నిలుపవలసినదిగా హైకోర్టు ఆ దినముననే ఆదేశించినది. ఆ దృశ్యాలు కల్పితాలని తివారీ గారు ఖండించినారు. అనారోగ్య కారణం చూపి పదవి వదలినారు. అప్పటికి ఆయన వయస్సు 84 సంవత్సరాలు.

హోటలులో నవ్వులు, ఎకసెక్కాలు సాగినవి. ఒక మూల బల్ల మీద, తట్టా చెమ్మస్ కాలంలో బొగ్గు ఎత్తి, ఉద్యోగం నుండి దిగిపోయిన ముసలి కార్మికుడొకడు కూర్చుండి యున్నాడు. నవ్వులు కొంత సద్దుమణిగిన పిదప ఆయన ఆ యువకుని అడిగినాడు: "గవర్నరు పోతే ఇంకొకలొస్తరు గని బిడ్డా, ఆమెకు ఇప్పిస్తమన్న లైసెన్సు ఏ గనిదో అండ్ల రాసిండ్రా?"

పత్రికలో ఆ సంగతి రెండు మూడు వాక్యాలలో ఉన్నది. గనుల లైసెన్సు ఇప్పింతుమని తనకు ఆశ చూపినారనీ, ఆ మాట నిలుపుకొనలేదనీ ఒక మహిళ ఆరోపించినట్లు వార్త. ఏ గనియో అందులో లేదు. యువకుడు పేజీ తిప్పినాడు.

రాజకీయ నాయకుల శృంగార వ్యవహారాలు బయటపడినప్పుడెల్లా ప్రజల దృష్టి అసలు సమస్యల నుండి తొలగిపోవునని పెద్దలు వాపోవుట మామూలు. పిల్లవానికి గిలక చూపి చేతిలోని పలక లాగికొన్నట్లు, ప్రజలకు ఒక గుట్టు చూపి వారి ప్రశ్నను లాగికొందురని వారి భావం. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో ఆ శీతకాలాన్ని కన్నులార చూచినవారిమి గనుక, మేము దీనిని యథాతథంగా అంగీకరింపలేము.

ఆ నెల జరిగినదేమి? నవంబరు 29న కరీంనగరు నుండి సిద్దిపేటకు నిరాహార దీక్షకు బయలుదేరిన కె. చంద్రశేఖరరావు గారిని అలుగునూరు వద్ద నిర్బంధించినారు. డిసెంబరు 9 రాత్రి తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ ఆరంభమగునని కేంద్ర హోంమంత్రి చిదంబరం గారు ప్రకటించినారు. 23వ తేదీన ఆ ప్రకటన వెనుకకు జరిగినది. ఆ వెంటనే సంయుక్త కార్యాచరణ సమితి పుట్టినది. సరిగా రెండు దినములకు రాజభవనపు వార్త! దృష్టి మళ్ళించుటకే దీనిని బయటపెట్టినారని అనుమానించినవారు లేకపోలేదు. అందుకు ఆధారం మాత్రం ఎవరూ చూపలేదు. ఉద్దేశం ఏదైనను, దృష్టి మళ్ళినదా? వీధి ఆవల గుడారం లేచినది, దీక్షలు సాగినవి. 2010 జూలైలో తెలంగాణలో పన్నెండు శాసనసభా స్థానాలకు ఉప ఎన్నికలు జరుగగా, వాటిలో ఎనిమిది మన రెండు జిల్లాలవే: సిరిసిల్ల, వేములవాడ, ధర్మపురి, కోరుట్ల, హుజూరాబాదు, మంచిర్యాల, చెన్నూరు, సిర్పూరు. ఎనిమిదింటను ప్రత్యేక రాష్ట్రం కోరి రాజీనామా ఇచ్చిన పక్షమే గెలిచినది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 దినములు నడచినది. బొగ్గు బాయిలు నిలిచిపోయినవి. ప్రజలు తమ చేత పట్టుకొనిన ప్రశ్నను ఒక టెలివిజను దృశ్యం చూచి జారవిడుతురనుట వారిని తక్కువగా అంచనా వేయుటే.

మరి మరుగుపడినదేమి? ముసలాయన అడిగిన ప్రశ్నయే. అపవాదు బయటి సమస్యలను కప్పుట అరుదు. తన కడుపులోనున్న సమస్యను కప్పుట తరచు. తలుపు చాటున ఏమి జరిగినదని లోకమంతా తొంగిచూచుచుండగా, ఆ తలుపు వద్ద ఏ కాగితం చేతులు మారినదని చూచువారుండరు.

ఈ ప్రశ్న ఆదిలాబాదు మన్యానికి ఎంత దగ్గరిదో కొంత చెప్పవలసియున్నది. గవర్నరు పదవి కేవలం రిబ్బను కత్తిరించు పదవి యని పట్టణాలలో అనుకొందురు. రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు అట్లు తలచలేదు. షెడ్యూలు ప్రాంతాల పరిపాలనను గూర్చి రాష్ట్రపతికి ఏటేట నివేదిక పంపవలసినవారు గవర్నరు. గిరిజనుల భూమి అన్యుల చేతికి పోకుండ నిబంధనలు చేయు అధికారం ఆయనదే. గోండుల, కోలాముల భూములకు అండగా నున్న 1959 నాటి భూమి బదలాయింపు నిబంధనయు, దానిని బిగించిన 1970 నాటి సవరణయు, అనగా ఊరూర "వన్ ఆఫ్ సెవెంటీ" యని పిలువబడు చట్టం, ఆ అధికారంతో పుట్టినవే. 1997లో సుప్రీంకోర్టు సమతా సంస్థ వేసిన వ్యాజ్యంలో, షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులకు గని కౌలు ఇచ్చుట చెల్లదని తీర్పు చెప్పినది. రాజభవనపు ఆరోపణలోని గని ఎక్కడిదైనను, ఆరోపణ నిజమైనను కాకున్నను, గవర్నరు పదవి చెంత గని లైసెన్సు బేరం జరిగినదను మాట పుట్టినప్పుడు జైనూరులోను, ఉట్నూరులోను ఉలికిపడవలసినంత సంగతి అది. దానికి దక్కినది రెండు మూడు వాక్యాలు.

ఇదేమి క్రొత్త సంగతియా యని వెనుకకు తిరిగి చూచినచో, నూటముప్పది యేండ్ల క్రిందట హైదరాబాదు సంస్థానంలో ఇట్టిదే, ఇంతకంటె పెద్దది, కానవచ్చును. అందులోను గని యున్నది; అది మన బొగ్గు గనియే.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు కనుగొన్నాడు. 1886లో నిజాము ప్రభుత్వం సంస్థానంలోని గనుల హక్కులను ఒక ఒప్పందం ద్వారా వదలుకొనగా, లండనులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పది లక్షల పౌనుల మూలధనంతో రిజిస్టరైనది. ఆ వాటాలలో అత్యధిక భాగం ఒప్పందం సంపాదించిన పెద్దమనుష్యులే తమకు వ్రాసికొన్నారు. వ్యవహారం నడిపిన నిజాము ఉద్యోగి సర్దార్ అబ్దుల్ హక్ రహస్యంగా తన పాలు ఉంచుకొని, ఆ వాటాలను తిరిగి నిజాము ప్రభుత్వం చేతనే హెచ్చు ధరకు కొనిపించినాడు. ఇంటి వస్తువును ఇంటివారికే అమ్మినట్లయినది. 1888లో బ్రిటిషు పార్లమెంటు కమిటీ విచారణ చేసినది. అబ్దుల్ హక్ పదవి పోయినది. ఆ విచారణలో సంస్థానపు ప్రయోజనాలను కనిపెట్టుటకు లండను పంపబడిన ఉద్యోగి మెహదీ హసన్, లక్నో వాడు. ఆయన భార్య ఎలెన్ డొనెల్లీ, ఐరిష్ సంతతి మహిళ. ఆమెయు వెంట వెళ్ళి విక్టోరియా రాణి దర్శనం చేసినది.

1892 ఏప్రిలులో, మెహదీ హసన్ హోం సెక్రటరీగా నున్న కాలంలో, ఇంగ్లీషులో అచ్చయిన పేరులేని కరపత్రమొకటి హైదరాబాదులో పంచిపెట్టబడినది. ఎలెన్ లక్నోలో వేశ్యావృత్తిలో ఉండినదనీ, వీరిరువురికి వివాహమే కాలేదనీ, ఇట్టి స్త్రీని రాణి ఎదుటికి తీసికొనిపోవుట ఘోరమనీ దాని సారాంశం. మెహదీ హసన్ దానిని అచ్చు వేసినాడని ఎస్. ఎం. మిత్రా యను నతనిపై రెసిడెన్సీ కోర్టులో వ్యాజ్యం వేసినాడు. నెలల తరబడి విచారణ సాగినది. లక్నో నుండి సాక్షులు వచ్చినారు. మద్రాసు నుండి, బొంబాయి నుండి గొప్ప గొప్ప బారిస్టర్లు దిగినారు. ఒక స్త్రీ యౌవనకాలం ప్రశ్న వెంట ప్రశ్నగా బోనెక్కినది. 1893లో మిత్రా విడుదలయినాడు. మెహదీ హసన్ ఉద్యోగం పోయినది. దంపతులు లక్నో చేరినారు.

ఆ కరపత్రం వెనుక నడచినది వేరొక తగవు. ఉత్తర హిందూస్థానం నుండి వచ్చిన ఉద్యోగులకును స్థానికులకును, అనగా గైరు ముల్కీలకును ముల్కీలకును, అధికారపు పెనుగులాట జరుగుచుండినది. పదవులు ఎవరివి, సంస్థానపు సంపద ఎవరిది అనునవి తీవ్రమైన ప్రశ్నలు. వాటిని నేరుగా అడుగుటకు దారి లేని చోట ఒకని భార్య శీలాన్ని అడిగినారు. కంపెనీ మాత్రం చెక్కుచెదరలేదు. 1889లో త్రవ్వకం మొదలుపెట్టినది. 1920లో దాని హక్కులూ ఆస్తులూ సింగరేణి కాలరీస్ కంపెనీకి సంక్రమించినవి. ఆ వంశవృక్షపు కొమ్మలే మన బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని. నాటి ఒప్పందం ఏ షరతులపై వ్రాయబడినదని గోదావరిఖనిలో నేడు అడిగినచో చెప్పువారు అరుదు. ఎలెన్ కథ మాత్రం పుస్తకాలకెక్కినది. మేమును మొదట చదివినది ఆమె కథయే, ఒప్పందం సంగతి కాదు. ఒప్పుకొనక తప్పదు.

ఇంగ్లండులో 1963లో యుద్ధమంత్రి ప్రొఫ్యూమో వ్యవహారమును గూర్చి విననివారుండరు. అక్కడ కనీసం ఒక మేలు జరిగినది. మంత్రి పదవి పోయినది ప్రధానంగా కామన్స్ సభలో అబద్ధం చెప్పినందులకు. లోపలి ప్రశ్నను సభ పట్టుకొనినది. అయినను కారాగారానికి పోయినది మంత్రి కాదు. వేరొక వ్యాజ్యంలో అబద్ధపు సాక్ష్యం చెప్పినదని ఆ యువతికి తొమ్మిది నెలల శిక్ష పడినది.

అట్లని నాయకుల స్వంత జీవితంలోనిదంతయు పనికిమాలిన వార్తయని కొట్టివేయరాదు. తివారీ గారిపైననే 2008లో మరొక వ్యాజ్యం నడచినది. రోహిత్ శేఖర్ అను యువకుడు తాను ఆయన కుమారుడనని ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కినాడు. రక్తపరీక్షకు తివారీ గారు ఏండ్ల తరబడి ఒప్పుకొనలేదు. 2012 జూలైలో డి.ఎన్.ఎ. ఫలితం ఆ యువకుని మాట నిజమని తేల్చినది. దీనిని కూడ జనులు రసవద్గాథగానే చెప్పుకొన్నారు. కాని మా దృష్టిలో ఇది, పెద్దవాడు న్యాయస్థానాన్ని ఎంతకాలం కాచుకొని యుండునట్లు చేయగలడను ప్రశ్న. ఒక తల్లికిని కుమారునికిని అది దృష్టి మళ్ళింపు కాదు, బ్రతుకు.

మా వృత్తిలోని బలహీనతను కూడ శ్రోతల ముందు దాచనేల? పది నిమిషాల వార్తలలో ఏది ముందు చేరునో, ఏది జారిపోవునో మాకు తెలియును. అపవాదుకు ఒక ముఖం, ఒక గది, ఒక రాత్రి ఉండును. విన్నవారికి వెంటనే కన్నులకు కట్టును. గని కౌలుకు ఉండునది సర్వే నంబరు, హెక్టార్లు, సీనరేజీ రేటు. దానిని చదువువానికే నోరు తిరుగదు. వానాకాలం వచ్చినదంటే ఏజెన్సీ గూడెములలో జ్వరాలు, అతిసారం. సిరిసిల్లలో ఆగిన మరమగ్గం. యెల్లంపల్లి నీటిలో మునిగిన ఊళ్ళు. ఓపెన్‌కాస్టు గని అంచున పగుళ్ళు వారిన గోడలు. ఇవి ఒక దినపు వార్తలు కావు, ఏండ్లకేండ్లు సాగు వార్తలు. ప్రతి దినమూ ఉన్నది గనుక ఏ దినమూ వార్త కాదన్నట్లు మా బల్లల మీద అవి వెనుకకు జరుగుచుండును. రాజభవనపు వార్త వచ్చిన దినమున వాటిని తోసివేసినదని చెప్పుట కూడ అతిశయోక్తియే. అంతకు ముందు దినముననైనను అవి ముందు వరుసలో లేవు.

నేడు రాష్ట్రం వేరైనది. 2016లో పాత జిల్లాలు విడిపోయి గోదావరిఖని పెద్దపల్లి జిల్లాలోను, బెల్లంపల్లి మంచిర్యాల జిల్లాలోను, జైనూరు కొమురం భీం జిల్లాలోను చేరినవి. నాటి టెలివిజను స్థానంలో ప్రతివాని అరచేతిలో ఒక తెర వెలసినది. ఒక నాయకుని వీడియో మంచిర్యాల దాటి చెన్నూరు చేరుటకు నేడు నిమిషం పట్టదు. అట్టిది వచ్చినప్పుడెల్లా మాకు ఆ హోటలు గుర్తుకు వచ్చును.

ఆ దినమున యువకుడు పేజీ తిప్పిన పిదప ముసలాయన కొంతసేపు ఊరకున్నాడు. టీ గ్లాసు క్రింద పెట్టి, "పాత పేపర్లు ఉంచుతరా సేటూ?" అని హోటలు యజమానిని అడిగినాడు. ఎందుకని ఆయన అడుగగా, "రేపటిండ్ల రాస్తరేమో చూస్త" అన్నాడు. మరునాడు మేము ఊరిలో లేము.