భవనాశిని ఒడ్డున ఒక కార్తిక ప్రాతఃకాలం

(కోడుమూరులో కార్తికమాస సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ సాయంకాలం నన్ను అహోబిల క్షేత్రమాహాత్మ్యం చెప్పమన్నారు. నలభై ఏండ్లుగా చెబుతూనే ఉన్నాను. మీలో చాలామంది విన్నారు కూడా. అందుచేత నేడు పురాణం విడిచి, గడచిన కార్తికమాసంలో నేను నడిచిన ఒక చిన్న దారిని గురించి మనవి చేస్తాను. అంతకు ముందు ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది.

చాలాకాలం క్రిందట ఈ ప్రాంతంలోనే ఒక పల్లెలో ప్రహ్లాదచరిత్ర చెబుతూ, ఎగువ అహోబిలం వెనుక అడవిలో పారే భవనాశినిని ఎంతో విస్తారంగా వర్ణించాను. సభ ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు దగ్గరకు వచ్చి, "సామీ, ఆ యేరు మీరు చూసినారా?" అని అడిగింది. "స్వామిదర్శనానికి ఎన్నో మార్లు వెళ్లానమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. ఆమె అడిగినదానికి సమాధానమూ కాదు. నేను వెళ్లినదల్లా వేసవి సెలవులలోనే. దిగువన ప్రహ్లాదవరదుని, ఎగువన ఉగ్రమూర్తిని సేవించి బస్సు వేళకు తిరిగి వచ్చేవాడిని. లోయలో కనిపించే ఎండురాళ్ల వరుసే నేనెరిగిన భవనాశిని. గుడి వెనుక దారిలో నూరడుగులైనా వేసినవాడిని కాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. సంగతి ఆమెకు అర్థమైనదనే ఇప్పటికీ నా అనుమానం.

శరదృతువర్ణన నేను పాఠం చెప్పని సంవత్సరం లేదు. కిష్కింధాకాండలో శ్రీరాముడు చూచిన శరత్తు, రఘువంశం నాలుగవ సర్గలో రఘుమహారాజు దిగ్విజయానికి బయలుదేరిన శరత్తు, అగస్త్య నక్షత్రం ఉదయించగానే నీళ్లు తేటపడడం, ఇవన్నీ విద్యార్థులకు అన్వయ ప్రతిపదార్థాలతో అప్పగించాను. కాని మన కంటికి తెలిసిన నది హంద్రి. వానలు పడితే ఎర్రగా, బురదగా పరుగెత్తుతుంది, తరువాత ఇసుకే. తేటనీటిని గురించి చెప్పేటప్పుడు నా మనస్సులో మెదిలేది నది కాదు, మా అమ్మగారు చిల్లగింజ అరగదీసి కలిపిన కడవలోని నీరు.

మనుమడు, అతని మిత్రులు బయలుదేరుతుంటే ఆ పాఠాలన్నీ గుర్తుకు వచ్చి నేనూ వస్తానన్నాను. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా వెళ్లి రాత్రి దిగువ అహోబిలంలో బస చేసి, తెల్లవారేసరికి ఎగువ సన్నిధికి చేరుకున్నాము. పాదరక్షలు లేకుండా నడవాలని నా సంకల్పం. మనుమడు ఒప్పుకోక గుడ్డబూట్లు తొడిగించాడు. పదినిమిషాలు గడవక ముందే అతనిదే ధర్మమని తేలింది. దారి కొంత మెట్లు, కొంత మట్టి, తక్కినదంతా బండరాళ్లు. నీడ తగిలే రాళ్ల మీద పాచి ఉంటుంది. మొదటి జారుడుకే చేతికర్ర విలువ తెలిసింది.

గరుడాద్రి, వేదాద్రుల నడుమ లోయ అది. టేకు, మద్ది, వెదురు దట్టంగా ఉన్నవి. 1515లో కృష్ణదేవరాయలు ఈ స్వామికి ఆభరణాలు సమర్పించాడు. అంతకు ముందే 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించి ప్రసిద్ధుడైనాడు. ఇద్దరిలో ఎవరి దానం గొప్పదో పండితులు తేల్చుకోవచ్చు. నా మోకాళ్లను అడిగితే వేమారెడ్డి పక్షమే.

ఎగువ ఆలయం నుండి వరాహనృసింహుని సన్నిధి సుమారు ఒక కిలోమీటరు. కుర్రవాళ్లకు అది నడక క్రిందికే రాదు. నాకు గంట పట్టింది. స్వామిని సేవించి క్రిందికి దిగి, ఏటి ఒడ్డున ఒక బండ మీద కూర్చున్నాను. మోకాలిలోతు నీరు. అడుగున ఉన్న గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. చిన్న చేపలు, వాటి క్రింద వాటి నీడలు. ప్రసన్నమైన జలం అని ఎన్ని వేల మార్లు ఉచ్చరించానో! చిల్లగింజ పేరు పలికినంత మాత్రాన నీరు తేటపడదని మనుస్మృతి చెబుతుంది. ఆ మాటను ఇతరులకు బోధించాను గాని నాకు చెప్పుకోలేదు. అక్కడ ఆచమనం చేస్తుండగా ఆ వృద్ధురాలి ముఖం కనిపించింది.

ఇక జ్వాలానృసింహుని సన్నిధికి వెళ్లాలని పట్టుబట్టాను. ఎగువ ఆలయం నుండి నాలుగు కిలోమీటర్లంటారు. పైకి పోనుపోను ఎక్కుడు ఎక్కువ. మాకు దారి చూపిన చెంచు యువకుడు నా కాళ్ల వైపు చూచి, "పెద్దాయనా, ఈడనే కూచోండి. దిగేటప్పుడు మీతో కాదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నిజానికి దర్శనాపేక్ష కంటె, రాబోయే ఉపన్యాసాలలో "నేను చూచాను" అని చెప్పవచ్చుననే ఆశ నాలో పెద్దది. చెంచులక్ష్మి పుట్టింటివారి మాట ఇది అనుకొని చివరకు కూర్చున్నాను. సంక్రాంతి తరువాత పారువేటలో స్వామి పల్లకి ఎక్కి ఊరూరా తిరుగుతాడు గదా. కదలలేనివారిని ఆయనకు తెలియకపోదు.

నాలుగు గంటలు ఆ బండ మీదనే గడిపాను. కోతులు నా అటుకుల మూట పట్టుకుపోయినవి. రాళ్ల సందులో చిక్కుకున్న నూనె సంచులు, విడిచిన బట్టలు కర్రతో లాగి ఒడ్డున పోగువేశాను. యాత్రికులారా, దాతలారా, ఈ ఒక్కటి కోరుతున్నాను. తెచ్చిన సంచిని తిరిగి మీతోనే తీసుకొని వెళ్లండి. ఏటికి మనం చిల్లగింజ వేయనక్కరలేదు.

ఈ నెలలో వెళ్లదలచినవారు సూర్యోదయానికే ఎగువ సన్నిధిలో ఉండండి. ముందురోజు వాన కురిస్తే ఏరు దాటే సాహసం చేయవద్దు. త్రాగునీరు, చేతికర్ర తప్పనిసరి. దారి తెలిసిన మనిషి లేకుండా అడవిలోకి పోవద్దు. కొత్తవారికి, వయస్సు మళ్లినవారికి వరాహస్వామి వరకు చాలును.

జ్వాలానృసింహుని సన్నిధి ఎట్లుంటుందని మాత్రం నన్ను అడగవద్దు. నేను చూడలేదు.